తేటనీటికి సాక్షి

తెల్లనివన్నియు పాలు, నల్లనివన్నియు నీళ్ళు అని నమ్మువానిని లోకము అమాయకుడనును. ఈ సామెతలోని నల్లని నీళ్ళు మురికినీళ్ళు కావు. లోతుగా, తేటగా, నిలుకడగా నుండి నల్లగా తోచు మంచినీళ్ళు. పాలను శంకించుట లోకమునకు అలవాటే. పాలలో నీళ్ళు కలిసినవేమో యని గిన్నెను వంచి చూడని ఇల్లాలు అరుదు. కాని నీళ్ళలో ఏమి కలిసినదో యని శంకించువారు అంతకంటెను అరుదు. తేటగా నున్నచో త్రాగుట, కలకగా నున్నచో తేర్చుకొని త్రాగుట తరతరముల ఆచారము. ఈ ఆచారము చాలవఱకు మంచిదే. కాని అది చాలని చోటొకటి కలదు. ఆ చోట మనుష్యునికి తోడుపడుటకు ఇటీవలి శాస్త్రము ఒక వింత సాక్షిని వెదకి తెచ్చినది. ప్రతి జీవి దేహములోను దాగియున్న డీఎన్ఏ యే ఆ సాక్షి.

వంశధారా నాగావళీ నదుల నడుమ, తూర్పు కనుమల ఒడిలో సీతంపేట యున్నది. 2022వ సంవత్సరము వఱకు ఇది శ్రీకాకుళము జిల్లాలోనిది. ఆ యేట క్రొత్తగా ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. చుట్టుప్రక్కల కొండలపై సవరల గూడెములు, జాతాపుల పల్లెలు చెదరియున్నవి. కొండవాలులందు పోడు చేలు, జీడిమామిడి తోటలు, అనాస తోటలు కనువిందు చేయును. చింతపండు, పసుపు, అల్లము కావళ్ళ కెత్తుకొని గిరిజనులు వారపుసంతకు దిగివత్తురు. మెట్టుగూడ వద్ద కొండమీదినుండి దుముకు జలపాతమును చూచుటకు దూరపు పట్టణములవారును వత్తురు.

ఈ ప్రాంతమున సెలయేటిని గెడ్డ యందురు. వానకాలమున గెడ్డలు పొంగి పొరలును. వేసవిలో అవి సన్నగిల్లి, ఇసుకలో చెలమ త్రవ్వుకొనవలసి వచ్చును. కొన్ని గూడెములకు కొండమీది ఊటనీరు గొట్టములగుండ దానంతట అదియే పల్లమునకు దిగివచ్చును; కొన్నిటికి బోరింగే ఆధారము. నీరు ఎక్కడిదైనను దానిని ఇల్లు చేర్చునది చాలవఱకు స్త్రీయే. తలపై బిందె, చంకను బిందె, కాళ్ళక్రింద రాళ్ళబాట. అంత కష్టపడి తెచ్చిన నీటిని శంకించుటకు ఎవరికి మనసొప్పును?

అయినను కొండవారు పరీక్షింపకయే నీరు త్రాగుదురనుట పొరపాటు. వారి పరీక్షలు వారికి కలవు. పప్పు త్వరగా ఉడికినచో అది మంచినీరు. ఎంత మంట పెట్టినను గింజ మెత్తబడకున్నచో అందు సున్నపుపాలు ఎక్కువ. రాత్రి పట్టియుంచిన బిందెకు తెల్లవారునప్పటికి ఎఱ్ఱని చార కట్టినచో ఆ నీటిలో ఇనుము కలదు. వాసన వేసినచో పశువునకు గూడ పెట్టరు. కొత్తనీరు కలకగా వచ్చినచో చిల్లగింజను రాతిపై అరగదీసి కుండలో కలిపెడి వాడుక పూర్వమునుండియు ఉన్నది. మన్ను అడుగునకు దిగి నీరు తేరును. కన్ను, ముక్కు, నాలుక, పొయ్యి అను ఈ నాలుగే పల్లెకు పరీక్షశాల. వేల యేండ్లు మనుష్యజాతిని కాపాడిన పరీక్షశాల యిది. దానిని తక్కువగా చూడరాదు.

కాని ఈ నలుగురు పరీక్షకుల కన్నుగప్పి పోగల వస్తువులు కొన్ని కలవు. సీసము అట్టిది. పాదరసము అట్టిది. ఉప్పుగల్లు నీటిలో వేసినచో కొంతసేపటికి కంటికి కనబడదు. అయినను అది ఎక్కడికిని పోలేదని నాలుక చెప్పును. కరగినప్పుడు ఉప్పులోని పరమాణువులు విద్యుదావేశము గలవై ఒండొంటినుండి విడిపోయి నీటిలో సంచరించుచుండును. అట్టివానికి అయానులని పేరు. లోహములును ఇట్లే అయానులై నీటిలో కలియును. ఉప్పును నాలుక పట్టగలదు, ఇనుమును బిందె పట్టగలదు. నీటిలో స్వల్పముగా కలిసిన సీసమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచినను అది ఆవిరియై పోదు. పైగా నీరు ఇగిరినకొలది చిక్కబడును. చిల్లగింజకు అది లొంగదు.

దాని కీడు మాత్రము స్వల్పము కాదు. సీసము దేహమున చేరి ఎముకలలో నిలువ యుండును. పసిపిల్లల మెదడును అది మిక్కిలిగా బాధించును. చదువుపై పట్టు, జ్ఞాపకశక్తి, బుద్ధి చుఱుకుదనము తగ్గిపోవును. పిల్లలకు ఇంత సీసము మేలు, ఇంతవఱకు భయము లేదు అని చెప్పదగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో సీసము లీటరునకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదు. అనగా పది కోట్ల పాళ్ళ నీటికి ఒక్క పాలు. ఈ లెక్క మనసున కెక్కవలెనన్నచో బియ్యముతో పోల్చి చూడవచ్చును. పది కోట్ల బియ్యపుగింజలు తూచినచో సుమారు ఇరువది క్వింటాళ్ళగును. అంత రాశిలో ఒకే ఒక రాతిపలుకును వెదకి తీయుట యెట్టిదో, నీటిలో సీసమును పట్టుట అట్టిది.

లోహములు నీటిలోనికి రెండు త్రోవల వచ్చును. మొదటిది ప్రకృతి త్రోవ. వాననీరు కొండరాళ్ళ పగుళ్ళలో దిగి, ఏండ్ల తరబడి రాతిని నాకుచు, అందలి పదార్థములను కొంచెము కొంచెముగా తనలో కలుపుకొనును. తూర్పు కనుమలలో విరివిగా కనబడు ఒక రాతికి ఖోండలైటు అని పేరు. ఈ కొండలలో నివసించు ఖోండు జాతి పేరుమీద భూగర్భ శాస్త్రజ్ఞులు దానికా పేరు పెట్టిరి. పొరుగున విజయనగరము ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్ది చివరనే మాంగనీసు గనులు త్రవ్వబడినవి. రాళ్ళలో లోహమున్న చోట నీటిని ఒకమారు పరీక్షించి చూచుట వివేకము. రెండవది మనుష్యుని త్రోవ. పాత గొట్టములు, పాత రంగులు, పారవేసిన బ్యాటరీలు, కర్మాగారముల మురుగు, ఇవియన్నియు ఏదో యొకనాడు ఏదో యొక నీటిని చేరును.

త్రాగువారికి సంగతి ఆలస్యముగా తెలియుటయే తెలుగునాట నీటికథలలోని విషాదము. 1937లో, అప్పటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో కొన్ని పల్లెల ప్రజల పండ్లు గారపట్టి, వెన్నులు వంగి, కీళ్ళు బిగిసిపోవుటకు నీటిలోని ఫ్లోరైడు కారణమని వైద్యులు ప్రకటించిరి. ఫ్లోరైడు లోహము కాదు. అయినను అది చెప్పు పాఠము ఒకటే. ఆ ప్రకటనకు ముందు ఆ నీటిని తరములవారు త్రాగిరి. అది తేటనీరే. నల్లగొండ జిల్లాలో ఆ బాధ తరువాతి కాలమున లోకమునకు తెలిసివచ్చినది.

సీతంపేటకు తూర్పున, సముద్రపుటొడ్డున ఉద్దానము కలదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలోని కొబ్బరి, జీడితోటల సీమ యది. పచ్చని ఆ సీమలో వేలకొలది ప్రజలు మూత్రపిండముల వ్యాధికి గురియైరి. నీటిలోని లోహములా, సిలికాయా, పురుగుమందులా, ఎండలో ఒళ్ళు వంచి చేయు పనియా అని శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశోధించిరి. ఒకే కారణమని తేల్చి చెప్పుట వారికి ఇంకను సాధ్యపడలేదు. అయినను కారణము తేలువఱకు దాహము ఆగదు గదా! సీతంపేట కొండలకు చేరువనున్న హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములగుండ ఉద్దానమునకు చేర్చు పథకము 2023వ సంవత్సరము డిసెంబరులో ఆరంభమైనది. కొండనీరు సముద్రతీరమునకు నడిచిపోయి అచ్చటివారి దప్పి తీర్చుచున్నది. కొండలలోని నీటిని కాపాడుట కొండలవారి పని మాత్రమే కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

మూడవ సంఘటన ఏలూరులో జరిగినది. 2020వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున ఆ పట్టణమున జనులు ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోసాగిరి. కొలది దినములలో ఐదు వందలకు పైబడి ఆసుపత్రి పాలైరి. అందఱి చూపును ముందుగా కుళాయిమీదనే పడినది. నీటి నమూనాలు, పాల నమూనాలు, రక్తపు నమూనాలు ఢిల్లీకి, హైదరాబాదునకు పరుగులెత్తినవి. రోగుల రక్తములో సీసము, నికెలు ఉన్నట్లు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరీక్షలలో తేలినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షలలో పురుగుమందుల జాడలు బయటపడినవి. తుదకు పురుగుమందులే ప్రధాన కారణమై యుండునని నిపుణులు భావించిరి. ఆ దినములలో ఏలూరు తల్లులు బిడ్డకు గ్లాసెడు నీళ్ళు ఇచ్చుటకు జంకిరి. ఆ నీటిలో సీసము ఉన్నదో లేదో అప్పటికప్పుడు వీధిలోనే చెప్పగల సాక్షి యొకటి యుండినచో వారి భయములో ఒక భాగమైనను ఆనాడే తీరిపోయి యుండెడిది. ఉన్నదని తెలియుట ఎంత అవసరమో, లేదని తెలియుటయు అంత అవసరమే.

నీటిలోని లోహమును కొలుచు యంత్రములు లేకపోలేదు. పెద్ద పరీక్షశాలలలో అవి కలవు. వాని తీర్పు నమ్మదగినది. కాని ఆ యంత్రములు విలువైనవి, బరువైనవి; విద్యుత్తు, శుద్ధమైన వాయువులు, చేయి తిరిగిన మనుష్యులు కావలెను. కొండమీది ఊటనుండి సీసాలో పట్టిన నీరు కాలినడకన దిగి, బస్సెక్కి, పట్టణము చేరి, వంతు వచ్చువఱకు వేచి, ఫలితము కాగితముపై ఎక్కి తిరిగి గూడెము చేరునప్పటికి దినములు గడచును. అంతలో ఆ ఊటనీటినే బిడ్డలు త్రాగుచుందురు. నీరు పరీక్షశాలకు పోవుట కాదు, పరీక్షశాలయే నీటి దగ్గఱకు రావలెనన్న కోరిక ఇట్లు పుట్టినది.

ఇక డీఎన్ఏ సంగతి. తండ్రి పోలిక బిడ్డకు వచ్చుట, చింతగింజనుండి చింతమొక్కయే పుట్టుట దీని మహిమ. 1869లో స్విట్జర్లాండు దేశపు వైద్యుడు ఫ్రెడరిక్ మీషర్ గాయపు కట్లనుండి తీసిన చీములో ఈ పదార్థమును మొదట గుర్తించెను. 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు, రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్‌రే చిత్రముల సాయమున, ఇది మెలి తిరిగిన నిచ్చెన వంటిదని వెల్లడించిరి. ఎడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అను నాలుగు పదార్థములే ఈ గ్రంథమునకు నాలుగు అక్షరములు. ఎడినిన్ థైమిన్‌తోను, గ్వానిన్ సైటోసిన్‌తోను జతకట్టి నిచ్చెనమెట్లగును. నిచ్చెనకు ఇరుప్రక్కల నున్న కొయ్యలు చక్కెర, భాస్వరము కలిసినవి. ఆ భాస్వరపు భాగములకు ఋణావేశము కలదు. లోహపు అయానులకు ధనావేశము. కావున లోహములు సహజముగనే డీఎన్ఏ వైపు ఆకర్షింపబడును.

భాస్వరమును తలచినపుడు ఒక తెలుగువానిని తలవక తప్పదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రకటించెను. రక్తములోను, మూత్రములోను భాస్వరమెంత యున్నదో నీలిరంగును బట్టి చెప్పు పద్ధతి యది. భాస్వర మెక్కువైన నీలి చిక్కనగును, తక్కువైన పలుచనగును. కంటికి కనబడని దానిని రంగుగా మార్చి చూపుట అందలి కీలకము. నీటిలోని లోహమును పట్టు క్రొత్త పద్ధతులలోను ఆ కీలకమే పని చేయుచున్నది. డీఎన్ఏ పరిశోధనలో తెలుగునాటికిని స్థానము కలదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున పనిచేసిన లాల్జీ సింగ్ మనుష్యుని డీఎన్ఏను బట్టి ఆనవాలు పట్టు విద్యను భారతదేశమున నెలకొల్పెను. న్యాయస్థానములో డీఎన్ఏ సాక్ష్యము చెప్పుట నేడు అందఱును ఎఱుగుదురు. గెడ్డ యొడ్డునను అది సాక్ష్యము చెప్పగలదని తెలిసినవారు కొలదిమంది.

చాలకాలము డీఎన్ఏ వట్టి గ్రంథము మాత్రమే, పని చేయునది కాదు అని శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. 1994లో అమెరికాలో రోనాల్డ్ బ్రేకర్, జెరాల్డ్ జాయిస్ ఆ తలపును మార్చిరి. వారు నాలుగక్షరములను ఇష్టము వచ్చినట్లు కూర్చిన లక్షల కోట్ల డీఎన్ఏ పోగులను తీసికొనిరి. సీసము తగిలినప్పుడు ఒక కట్టును తెంచగల పోగు వీనిలో ఏదైన నున్నదా యని వెదకిరి. సీసము కలుపగా కట్టు తెంచుకొని క్రిందికి జారిన పోగులను ఏరి, వానిని వృద్ధి చేసి, మరల పరీక్షించిరి. ఇల్లాలు చేటతో చెరిగినకొలది పొట్టు పోయి గింజ మిగిలినట్లు, పలుమారులు చెరుగగా పనిమంతులైన పోగులు మిగిలినవి. ఒక పదార్థమున మార్పును త్వరపెట్టి, తాను మారక నిలుచు దానిని ఎంజైము అందురు. డీఎన్ఏ సైతము ఎంజైము వలె పని చేయగలదని అట్లు ఋజువైనది.

2000వ సంవత్సరమున ఇలినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జింగ్ లీ, యీ లూ అనువారు ఈ గుణమును నీటిపరీక్షకు మలచిరి. రెండు పోగులు జతగా నుండును. ఒక పోగు కొనకు వెలుగు నిచ్చు పదార్థమును, దాని ప్రక్కనే రెండవ పోగు కొనకు వెలుగును మ్రింగు పదార్థమును తగిలించిరి. అవి దగ్గఱగా నున్నంతసేపు వెలుగు కనబడదు; కుండక్రింద దీపము బోర్లించినట్లుండును. నీటిలో సీసము ఉన్నచో డీఎన్ఏ కత్తి మేల్కొని పోగును తెంచును. తెగిన ముక్క వెలుగుతో సహా దూరముగా తేలిపోవును. కుండ తీసిన దీపమువలె వెలుగు బయటపడును. వెలుగు ఎక్కువైన కొలది సీసము ఎక్కువని యర్థము.

ఆ వెలుగును చూచుటకైనను ఒక యంత్రము కావలెను. ఆ కొఱతయు 2003లో కొంత తీరినది. బంగారమును కంటికి కనబడనంత సన్నని రేణువులుగా చేసినచో అది పసుపుగా నుండదు. విడివిడిగా నున్నప్పుడు ఎఱ్ఱగాను, గుంపుగూడినప్పుడు నీలిగాను కనబడును. యీ లూ, ఆయన శిష్యుడు జ్యూవెన్ లియూ ఆ రేణువులను డీఎన్ఏ పోగులతో గుంపుగా కట్టిరి. సీసము వచ్చి పోగులు తెగినచో రేణువులు విడిపోయి నీలిరంగు ఎఱుపగును. ఈ ఫలితమును చదువుటకు అక్షరజ్ఞానము సైతము అక్కఱలేదు.

పాదరసమును పట్టు ఉపాయము 2004లో జపాను దేశమున వెలువడినది. ఆ దేశమునకు పాదరసమనిన మానని గాయము. మినమాటా అను సముద్రతీర పట్టణమున చేపల ద్వారా దేహమున చేరిన పాదరసము నరములను కుంగదీయగా ఎందఱో మరణించిరి, ఎందఱో జీవచ్ఛవములైరి. ఆ వ్యాధి 1956లో గుర్తింపబడినది. డీఎన్ఏలోని థైమిన్ తన సహజమైన జత ఎడినినే యైనను, పాదరసపు అయాను కనబడినచో మఱియొక థైమిన్‌తో కలిసి దానిని నడుమ ఇరికించుకొనును. రెండు చేతుల నడుమ రాయి పట్టినట్లుండును. అకీరా ఓనో, హుమికా తొగాషి అను శాస్త్రజ్ఞులు ఈ పట్టునే సాధనముగా మార్చిరి. వెండి అయానును రెండు సైటోసిన్‌లు ఇట్లే పట్టుకొనును. ఒక్కొక్క లోహమునకు ఒక్కొక్క అక్షరముల కూర్పు. తాళమునకు తగిన తాళపుచెవి వంటిది.

2011లో వచ్చిన మఱియొక యుక్తి పల్లెలకు మిక్కిలి సన్నిహితమైనది. మధుమేహము గలవారి రక్తములో చక్కెర నెంచు చిన్న పరికరము నేడు ఎన్నో యిండ్లలో నున్నది. పల్లెలలోని ఆరోగ్య కేంద్రములలోను ఉండును. యూ షియాంగ్, యీ లూ ఆ పరికరముచేతనే నీటిలోని యురేనియమును లెక్కింపజేసిరి. పంచదారను గ్లూకోజుగా మార్చు ఒక ఎంజైమును డీఎన్ఏ పోగుతో కట్టియుంచిరి. నీటిలో యురేనియము ఉన్నచో పోగు తెగి ఎంజైము విడుదలయగును. అది పంచదారపై పని చేసి గ్లూకోజును పుట్టించును. పరికరము గ్లూకోజును చూచి అంకె చూపును. ఆ అంకెనుబట్టి యురేనియ మెంతయో తెలియును. పరికరమునకు తెలిసినది చక్కెర యొక్కటే. దానికి తెలిసిన భాషలోనే నీటి సంగతి చెప్పించుట శాస్త్రజ్ఞుల నేర్పు.

ఈ సాధనములన్నియు ఇప్పుడే ప్రతి గూడెమునకు చేరినవని తలపరాదు. కొన్ని లోహములకు అమ్మకపు పరికరములు వచ్చినవి; పెక్కు పద్ధతులు ఇంకను పరిశోధనశాలల గడప దాటలేదు. నీటి పులుపు, ఉప్పదనము, వేడిమి మారినచో డీఎన్ఏ నడవడియు కొంత మారును. ఒక లోహమునకు చేసిన కత్తి దాని చుట్టమువంటి మఱియొక లోహమునకు మోసపోవుటయు కలదు. అందుచేత దీని మాటపై తుదితీర్పు చెప్పక, అనుమానము కలిగిన నీటిని పెద్ద పరీక్షశాలకు పంపి నిర్ధారణ చేసికొనవలెను. వంద ఊటలలో ఏ నాలుగు ఊటలను ముందుగా పంపవలెనో చెప్పినచో అదియే గొప్ప మేలు.

ఇంతకంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. ఏ సాక్షియైనను తాను చూచినదే చెప్పును. సీసమునకు ఏర్పడిన పరీక్ష సీసము లేదని చెప్పినచో నీరు మంచిదని అర్థము కాదు. సీసము లేదని మాత్రమే అర్థము. అందు పురుగుమందు ఉండవచ్చును, ఫ్లోరైడు ఉండవచ్చును. వానకాలమున కొండపల్లెలలో ఎక్కువ ప్రాణాపాయము కలిగించునవి కలుషిత జలముల వలన వచ్చు విరేచనములు, వానికి మూలమైన సూక్ష్మజీవులు. వానిని చంపుటకు నీటిని తెరలకాచుటయు, క్లోరిను కలుపుటయు నేటికిని మేలైన ఉపాయములు. క్రొత్త సాక్షి వచ్చెనని పాత కాపరులను పంపివేయరాదు.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న పరీక్ష యెవరి చేతిలో నుండవలెననునది. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ ప్రతి గ్రామమునను ఐదుగురు స్త్రీలకు నీటిపరీక్షలో శిక్షణ నీయవలెనని నిర్ణయించినది. చిన్న పెట్టెలోని మందుచుక్కలతో నీటి పులుపు, కాఠిన్యము, ఇనుము, ఫ్లోరైడు మొదలైనవానిని ఆ స్త్రీలు రంగును బట్టి తెలిసికొనగలరు. సీసము, పాదరసము వంటివి ఆ పెట్టెకు సాధారణముగా అందవు. డీఎన్ఏ సాధనము చౌకయై, ఎండకు వానకు నిలిచి, ఆ పెట్టెలో మఱియొక సీసాగా చేరు దినము వచ్చినచో పైని చెప్పిన శాస్త్రజ్ఞుల శ్రమ ఫలించినట్లు. బిందె మోయు చేయియే చుక్క వేయవలెను. ఆ కన్నే రంగు చూడవలెను. నీరు ఎవరు త్రాగుదురో నీటి నిజము ముందుగా వారికే తెలియవలెను.

ఈ కొండల చరిత్రలో ఇట్టి తలపు క్రొత్తది కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో నుపాధ్యాయుడై యుండి, లిపి లేని సవరభాషను పట్టుదలతో నేర్చుకొనెను. సవరల బిడ్డలకు చదువు వారి భాషలోనే చెప్పవలెనన్నది ఆయన కోరిక. దానికై ఆయన సవరభాషలో పుస్తకములు వ్రాసెను, నిఘంటువు కూర్చెను. చదువు ప్రజల నోటికి దగ్గఱగా రావలెనని ఆయన చెప్పిన మాట తెలుగువారెల్లరకు శిరోధార్యమైనది. శాస్త్రమునకును అదే నీతి వర్తించును. ఎక్కడనో ఒక కాగితముపై అంకెలుగా మిగిలిన విజ్ఞానము గూడెమునకు లేనట్లే. నీలిరంగు ఎఱుపైన సంగతి సవరకు, జాతాపునకు, తెలుగువానికి ఒక్కటే విధముగా కనబడును. దాని భావమును మాత్రము వారి వారి భాషలో విడమఱచి చెప్పవలెను. ఎఱుపు చూపిన ఊటను విడిచినచో మఱియొక మంచి ఊటను చూపవలెను. భయము పుట్టించి ఊరకుండు పరీక్ష సగము పని చేసినట్లు మాత్రమే.

ఆ పని ఒకనాటికి సీతంపేట బడులలో చదువు బాలబాలికల చేతికి రావచ్చును. కొండరాళ్ళను వారెఱుగుదురు, ఏ గెడ్డ ఎప్పుడు ఎండునో, ఏ ఊట ఎన్నడు ఎండదో వారెఱుగుదురు. పరీక్షశాలలోని పండితులకు లేని తెలివి యిది. ఈ తెలివికి రసాయనశాస్త్రము తోడైనచో ఒక్కొక్క ఊటకు ఒక్కొక్క చరిత్ర వ్రాయబడును. ఏ ఊటలో ఏమున్నదో, వానకు ముందు ఎట్లుండునో, వాన తరువాత ఎట్లు మారునో ఆ చరిత్ర చెప్పును. తేటగా నున్న నీటిని నమ్ముట తాతల నాటి ఆచారము. అడిగి తెలిసికొని నమ్ముట మనుమల నాటి ఆచారము కావలెను.